పలుకరించుకొన్నను పొత్తు కుదరని పొరుగువారు

గడచిన కార్తీకమాసమున ఒకనాటి సాయంకాలము మా కేంద్రమును విన్న శ్రోతలలో కొందరు తరువాత మాకు జాబులు వ్రాసినారు. ఆనాడు అయిదు గంటలు మొదలుకొని ఏడు దాటువరకు ప్రకటనలేవియు లేక పాటలు మాత్రమే వచ్చినవనియు, ఏడు గంటల పది నిమిషములకు మత్స్యకారులకు హెచ్చరిక చదివిన కంఠము తమకు పరిచితమైనదే యైనను నూతిలోనుండి వచ్చినట్లు వినబడినదనియు వారి ఫిర్యాదు. సముద్రతీరమునుండి వచ్చిన కార్డు ఒకటి మాత్రము ఫిర్యాదువలె లేదు. బంగాళాఖాతములో వాయుగుండము ఉన్నదని మధ్యాహ్నము విన్నవారు, సాయంకాలపు హెచ్చరిక విన్న పిమ్మటనే వలలు సర్దుకొనవలెనో వద్దో నిశ్చయించుకొందమని రేడియో ముందు కూర్చుండిరట. పాట వెనుక పాట వచ్చుచుండగా వారికి కలిగిన ఆదుర్దాను ఆ కార్డు నాలుగు పంక్తులలో తెలిపినది.

ఆ నాలుగు పంక్తులకు సమాధానము చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నది. మేము ఇంజనీర్లము కాము. మైకు ముందు మాటలాడువారము. కాని ఆ రాత్రి జరిగినదేమో తెలిసికొనుటకై మా ఇంజనీరు మిత్రులను పలుమార్లు ప్రశ్నించి, వారు చెప్పినదానిని మాకు తెలిసినంతవరకు ఇచట వివరించుచున్నాము.

స్టూడియో ఒకచోట, ప్రసారిణి మరియొకచోట ఉండునని శ్రోతలు ఎరుగుదురు. స్టూడియోలో చదివిన మాట ప్రసారిణిని చేరుటకు పూర్వము ప్రత్యేకమైన టెలిఫోను తీగలుండెడివి. నేడు ఆ మాట అంకెలుగా మారి, చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి, కంప్యూటరు నెట్‌వర్కులో ప్రయాణము చేయుచున్నది. ఈ పొట్లములనే ప్యాకెట్లందురు. ప్యాకెట్టుపై చేరవలసిన చిరునామా ఉండును. అది ఏ దారిన పోవలెనో చూచి ముందుకు పంపు యంత్రము రౌటరు. మా స్టూడియోలో ఒక రౌటరు, ప్రసారిణివద్ద ఒక రౌటరు, ఆ రెంటినడుమ అద్దెకు తీసికొన్న ఒక లైను ఉన్నవి.

మన పెద్దల కాలములో తపాలా సంచిని రన్నరు మోసెడివాడు. ఒక మజిలీనుండి తరువాతి మజిలీకి మాత్రమే అతని పరుగు. అటుపిమ్మట సంచి ఎటు పోవునో అతడెరుగనక్కరలేదు. అందుకొను మనిషి తన మజిలీలో సిద్ధముగా ఉన్నాడా యనునదే అతనికి ముఖ్యము. రౌటరు పనియు అట్టిదే. అయితే ఒక భేదమున్నది. రన్నరునకు దారి ఎవరో చెప్పి పంపెడివారు. రౌటర్లు మాత్రము తమ దారులను తామే పొరుగువారినడిగి తెలిసికొనును. పొరుగుతో పొత్తు కుదరనిచో దారి తెలియదు. దారి తెలియని ప్యాకెట్టును రౌటరు దాచియుంచదు, పారవేయును. ఆనాటి సాయంకాలము మా కార్యక్రమమంతయు అట్లు పారవేయబడినది.

ఈ ఇరుగుపొరుగు సంభాషణకు పెక్కు పద్ధతులున్నవి. మా కేంద్రములో వాడుచున్నది ఓ.ఎస్.పి.ఎఫ్. అను పద్ధతి. దాని మొదటి ప్రమాణపత్రము 1989లోను, నేడు ఆధారముగా నున్న రెండవ రూపపు ప్రమాణపత్రము 1998లోను వెలువడినవి. రెంటి రచయితయు జాన్ మోయ్. ఈ పద్ధతిలో ప్రతి రౌటరు తనకు ఏ ఏ లైన్లున్నవో, వాటి ఖర్చు ఎంతయో చిన్న ప్రకటనగా వ్రాసి పొరుగువారికిచ్చును. వారు తమ పొరుగువారికిత్తురు. కొలది కాలములో అందరివద్దను ఒకే పటము తయారగును. ఆ పటముపై ప్రతి రౌటరు తన చోటినుండి అన్ని చోట్లకును అతి తక్కువ ఖర్చుగల దారిని లెక్కవేసికొనును. ఈ లెక్క హాలండు దేశీయుడైన డైక్‌స్ట్రా 1956లో కనుగొని 1959లో ప్రచురించినది. ఆమ్‌స్టర్‌డాములో కాబోయే భార్యతో కాఫీ త్రాగుచు కాగితమైనను లేకుండ ఇరువది నిమిషములలో దానిని ఊహించితినని ఆయనయే తరువాత చెప్పెను. కాగితము లేకపోవుటవలననే అది అంత సరళముగా వచ్చినదని కూడ ఆయన అభిప్రాయము.

లెక్క సరళమే. చిక్కంతయు పొరుగువారి పరిచయములోనే ఉన్నది.

రౌటరు ప్రతి 10 సెకండ్లకొకసారి తన లైనుపై ఒక పలుకరింపును విడుచును. దాని పేరే హలో. అది ఒక వ్యక్తి పేర వ్రాసిన ఉత్తరము కాదు, 224.0.0.5 అను సామూహిక చిరునామాకు పంపునది గనుక, ఆ లైనుపై ఓ.ఎస్.పి.ఎఫ్. తెలిసినవారందరును వినవచ్చును. ఒక పొరుగువాని హలో 40 సెకండ్లు వినరానిచో వాడు లేడని రౌటరు నిశ్చయించి, వాని మీదుగా పోవు దారులన్నిటిని కొట్టివేయును. 10, 40 అనునవి సాధారణముగా ముందే నిర్ణయించియుంచు అంకెలు, అవసరమునుబట్టి మార్చుకొనవచ్చును. రేడియోవారి దృష్టిలో 40 సెకండ్ల నిశ్శబ్దము మిక్కిలి దీర్ఘమైనది. అందుచేత కొన్ని చోట్ల బి.ఎఫ్.డి. అను వేరొక పద్ధతిని తోడుగా పెట్టి, సెకండులో కొంతభాగములోనే తెగిన లైనును కనుగొందురు.

హలో వినబడినంతమాత్రమున స్నేహము కుదరదు. హలోలో కొన్ని వివరములుండును: తాను ఏ విభాగమునకు చెందినది, ఎన్ని సెకండ్లకొకసారి పలుకరించునది, ఎన్ని సెకండ్లు వేచి చూచునది, తన చిరునామాల హద్దు ఎంతవరకు అనునవి. ఇవి ఇరువురకును సరిపోవలెను. రహస్యపదము పెట్టుకొన్నచో అదియు సరిపోవలెను. ఒకరు 10 సెకండ్లకును వేరొకరు 30 సెకండ్లకును పలుకరించువారైనచో, ఒకరి హలో మరియొకరి చెవిని పడుచునే యుండును గాని, విన్నవాడు దానిని పక్కకు త్రోసివేయును. తిరిగి జవాబైనను ఇయ్యడు. మనుష్యులలోనైతే, నీ గడియారము సరిగా లేదు నాయనా యని ఎవరో ఒకరు చెప్పుదురు. యంత్రములకు ఆ మొగమాటము లేదు. రౌటరు తన దినచర్యలో ఈ తేడాను ఎచటనో వ్రాసికొనును; దానిని అడిగి చదువువారుండవలెను.

ఇక హలోలోని ముఖ్యమైన భాగము, తాను ఎవరెవరి హలోలను విన్నదో వారి పేర్ల పట్టిక. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. ప్రసారము చేయువాడు తన మాట ఎవరికైనను వినబడుచున్నదో లేదో తనంత తాను తెలిసికొనలేడు. శ్రోత జాబు వ్రాసినప్పుడే తెలియును. రౌటరు కూడ అంతే. పొరుగువాని హలో వచ్చినది, కాని అందులో నా పేరు లేదు. అనగా వాని మాట నాకు వినబడుచున్నది, నా మాట వానికి వినబడుట లేదు. ఈ దశకు ఇనిట్ అని పేరు. వాని పట్టికలో నా పేరు కనబడిన క్షణమున టూ-వే, అనగా ఇరువైపుల పరిచయము కుదిరినట్లు.

ఇనిట్‌లోనే రౌటరు నిలిచిపోయినదన్నచో ఇంజనీరు ఒకవైపు దారి మూసికొన్నదని గ్రహించును. గాజుతీగలలో పంపుటకొకటి, వినుటకొకటి చొప్పున రెండు పోగులుండుట పరిపాటి. వాటిలో ఒక్కటి దెబ్బతిన్నను ఇట్లు జరుగవచ్చును. నడుమనున్న రక్షణయంత్రము ఒకవైపు రాకను అడ్డగించినను జరుగవచ్చును. ఓ.ఎస్.పి.ఎఫ్. మాటలు సామాన్యమైన టి.సి.పి., యు.డి.పి.ల వాహనములపై ఎక్కవు, నేరుగా ఐ.పి. ప్యాకెట్టులో 89వ సంఖ్య వేసికొని ప్రయాణము చేయును. కావలివానికి ఆ 89 సంగతి చెప్పియుండనిచో మిగిలినవన్నియు లోనికి విడిచి దీనిని మాత్రము గుమ్మమువద్దనే ఆపును. అప్పుడు పింగు పంపి చూచిన కుర్రవాడు, లైను శుభ్రముగా ఉన్నదండీ అనును. అతడు అబద్ధమాడలేదు. పింగు పోవుట వేరు, హలో పోవుట వేరు.

టూ-వే యనునది కొన్ని చోట్ల రోగము కాదని కూడ చెప్పవలెను. ఒకే తంత్రిపై పది రౌటర్లున్నవనుకొందము. ప్రతి యొక్కటి తక్కిన తొమ్మిదింటితోను పూర్తి స్నేహము చేసికొన్నచో 45 జంటలగును. అదే సమాచారము నలుబదియైదు నోళ్ల తిరుగును. అందుచేత వారు తమలో ఒక పెద్దను, ఒక ఉపపెద్దను ఎన్నుకొని, మిగిలినవారు ఆ ఇరువురితో మాత్రమే లెక్కలు సరిచూచుకొందురు. అప్పుడు 17 జంటలు చాలును. తక్కినవారు తమలో తాము టూ-వే వద్దనే ఆగుదురు. అది వారి మర్యాద. ఈ సంగతి తెలియక క్రొత్తగా పనిలో చేరినవారు ఆ రెండు రౌటర్లను ఆపి, తిరిగి వెలిగించి, రాత్రియంతయు వృథాగా శ్రమించుట కలదట. కాని రెండే రౌటర్లుండి, ఇరువురకును పెద్దరికము వద్దని వ్రాసియుంచినచో, పెద్ద లేని ఊరివలె వారి వ్యవహారము టూ-వే వద్దనే నిలిచిపోవును. అది మాత్రము రోగమే.

పరిచయము కుదిరిన పిమ్మట అసలు పని మొదలగును. ఇరువురి పుస్తకములను సరిచూచుకొనవలెను. ముందు ఎవరు చదువవలెను, ఎవరు వంతు పాడవలెను అను నిర్ణయము జరుగు దశ ఎక్స్-స్టార్టు. ఎవరి గుర్తింపు సంఖ్య పెద్దదో వారు ముందు నడుతురు. తరువాత ఎక్స్ఛేంజి: ఇరువురును తమ పుస్తకములలోని విషయసూచికలను మాత్రము మార్చుకొందురు. సూచికలో తమకు లేనిది కనబడినచో దాని పూర్తి పాఠమును అడిగి తెచ్చుకొను దశ లోడింగు. అన్నియు సరిపోయినచో ఫుల్. అప్పుడు మాత్రమే ఆ పొరుగువాని మీదుగా దారి వేయుదురు.

ఇపుడు ఆ సాయంకాలపు కథకు వత్తుము. అయిదు గంటలు కావచ్చుచుండగా ప్రసారిణివద్దనున్న పాత రౌటరు విద్యుత్తు అందించు భాగము కాలిపోయి మూగవోయినది. ప్రసారిణివద్ద చిన్న అత్యవసర స్టూడియో కలదు. అచటి ఉద్యోగి తడవు చేయక దాచియుంచిన పాటలు పెట్టినాడు. శ్రోతలు విన్న పాటలవే. అయిదు నలుబదికి క్రొత్త రౌటరును బిగించినారు. దీపములు వెలిగినవి. స్టూడియోనుండి పింగు పంపగా జవాబు వచ్చినది. ఇరువైపుల హలోలు కనబడినవి. అయినను స్టూడియో మాట ప్రసారిణిని చేరలేదు. ఒకవైపున పొరుగువాని దశ ఎక్స్-స్టార్టు అనియు, వేరొకవైపున ఎక్స్ఛేంజి అనియు చూపుచు, అంతకు ముందుకు కదలలేదు. కొంతసేపటికి ఇరువురును మొదటికి వచ్చి మరల పలుకరించుకొనుట, మరల అచటనే ఆగుట.

ఇచట మా ఇంజనీర్లలో అభిప్రాయభేదము వచ్చినది. లైను ఇచ్చిన సంస్థవారిని పిలువవలెనని కొందరు. వారు పరీక్షించి, తమ లైను నిక్షేపముగా ఉన్నదని సెలవిచ్చిరి. క్రొత్త రౌటరే చెడినదని మరికొందరు. దానిని విప్పి వేరొకటి బిగించుటకు ఒక గంట పట్టునన్నారు. ఆరున్నర దాటినది. ఏడుగంటల పదినిమిషములకు తీరప్రాంతపు హెచ్చరిక చదువవలెను. అపుడు వార్తలు చదువు మా సహోద్యోగిని, కాగితము చేతబట్టుకొని జీపులో ప్రసారిణికి బయలుదేరినారు. వర్షము. దారిలో ఒకచోట చెట్టు కొమ్మ పడియున్నది. ఏడు గంటల ఆరు నిమిషములకు ఆమె ఆ చిన్న గదిలో అడుగు పెట్టినారు. గోడలకు మెత్తలు లేని గది. అందుకే ఆ కంఠము నూతిలోనుండి వచ్చినట్లుండినది. హెచ్చరిక మాత్రము ఒక్క నిమిషమైనను ఆలస్యము కాలేదు.

లోపమును పట్టుకొన్నవారు మా ఇంజనీర్లలో వయసున పెద్దవారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: సంభాషణ ఎంతవరకు వచ్చి ఆగినది? హలోలు సరిపోయినవి గనుక తీగ, విభాగము, హద్దులు, రహస్యపదము, సెకండ్లు, వీటి జోలికి పోనక్కరలేదు. టూ-వే దాటినది గనుక ఇరువైపుల వినికిడి ఉన్నది. సూచికలు మార్చుకొనుటలో ఆగినది. అంతకు ముందులేక అచటనే మొదటిసారి వచ్చు క్రొత్త షరతు ఏమి? ప్యాకెట్టు పరిమాణము. సూచికను పంపు ప్యాకెట్టులో ప్రతి రౌటరు తన లైనుపై ఎంత పెద్ద ప్యాకెట్టును మోయగలనో వ్రాయును. దీనినే ఎం.టి.యు. అందురు. పాత రౌటరులో అది 1500 బైట్లు. స్టూడియో రౌటరులోను 1500. క్రొత్త రౌటరును సిద్ధపరచినవారు దానికి 9000 అని వ్రాసినారు. నేను 9000 బైట్ల మూటను పంపుదునని ఒకరన్నప్పుడు, 1500 మించి మోయలేనివాడు ఆ కాగితమునే స్వీకరింపడు. స్వీకరించితినని చెప్పడు, నిరాకరించితినని కూడ చెప్పడు, మౌనముగా పారవేయును. అవతలివాడు తన కాగితము చేరలేదనుకొని దానినే మరల మరల పంపుచుండును. హలోలు చిన్నవి, పింగులు చిన్నవి, వాటిలో ఈ అంకె ఉండదు. కనుకనే అంతవరకు అన్నియు బాగుగా కనబడినవి.

ఏడు గంటల ముప్పదియైదు నిమిషములకు 9000ని 1500గా దిద్దినారు. నిమిషములోపల ఫుల్ వచ్చినది. దిద్దుటకు నిమిషము, వెదకుటకు రెండు గంటలు.

ఆ సమయమున ఒక యువ ఇంజనీరు వేరొక ఉపాయము చెప్పెను. ఈ అంకెను పట్టించుకొనవద్దని రౌటరుకు ఆజ్ఞ ఇయ్యవచ్చును. అప్పుడు సూచికల మార్పిడి సాగిపోవును. నిజమే, అట్టి ఆజ్ఞ పెక్కు రౌటర్లలో కలదు. పెద్దవారు ఒప్పుకొనలేదు. అంకెలు వేరుగానే యుండి ఫిర్యాదు మాత్రము మానిపించినచో, స్నేహము కుదిరినట్లే కనబడి, ఏదో ఒకనాడు నిజముగా పెద్ద మూట వచ్చినప్పుడు అది నడుమ పడిపోవును. అప్పుడు ఆ లోపమును వెదకుట మరింత కష్టము. తలుపు కిర్రుమనుచున్నదని చెవులలో దూది పెట్టుకొనుట వంటిదని ఆయన అన్నారు. మాకు ఆయన మాటయే సరియని తోచినది. అయితే హెచ్చరిక చదువుటకు ఇంకను అయిదు నిమిషములే మిగిలియుండి, జీపు కూడ లేని పక్షమున మేమేమి అడిగియుందుమో చెప్పజాలము.

ఎక్స్-స్టార్టులో ఆగుటకు ఇదొక్కటే కారణమనుకొనరాదు. ఇరువురి గుర్తింపు సంఖ్యలు ఒకటే యగుటయు ఒక కారణము. పాత రౌటరులోని వ్రాతనంతయు నకలు తీసి క్రొత్తదానిలో ఉంచునపుడు, దానిని వేరొక మూలనున్న రౌటరు నుండి తీసికొన్నచో ఆ గుర్తింపు సంఖ్యయు వెంటవచ్చును. ఒకే పేరు గల ఇరువురు ఎదురుపడినప్పుడు ముందెవరు చదువవలెనను నిర్ణయము జరుగదు. ఇంకొక వింత కలదు: దశ ఫుల్ అని చూపుచునే యుండును గాని దారులు కనబడవు. ఒక రౌటరు ఆ లైనును ఇద్దరి నడుమ లైను అనుకొని, మరియొకటి పలువురుండు తంత్రి యనుకొన్నప్పుడు ఇట్లు జరుగును. ఇరువురును ప్రకటనలు మార్చుకొందురు. కాని ఒకరు గీచిన పటము వేరొకరు గీచినదానితో అతుకదు. అతుకని పటముపై లెక్క సాగదు.

పొరుగువారు నోరు విప్పకపోవుటవలన ఒక లైనే తెగును. పొరుగువారు చక్కగా మాటలాడుకొనుచు తప్పు సమాచారమును చేరవేసికొన్నప్పుడు ఊరంతయు మునుగును. దీనికి నిదర్శనము అమెరికాలో 1980 అక్టోబరు 27వ తేదీన జరిగినది. నేటి ఇంటర్నెట్టునకు తల్లియైన ఆర్పానెట్టు 1969లో పుట్టినది. ఆ యేడు అక్టోబరు 29న లాస్ ఏంజలిసులోని విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థకు లాగిన్ అను మాట పంపబోగా, ఎల్, ఓ అను రెండక్షరములు చేరిన పిమ్మట అవతలి కంప్యూటరు కూలినదని ప్రసిద్ధి. పదునొకండేండ్ల తరువాత ఆ నెట్‌వర్కంతయు కొన్ని గంటలపాటు పనికిరాకుండ పోయినది. ఎరిక్ రోజెన్ 1981లో వ్రాసిన నివేదికలో దాని కారణము వివరముగా నున్నది.

ఆనాటి రౌటర్లకు ఇంపు అని పేరు. ప్రతి ఇంపు తన లైన్ల స్థితిని ప్రకటనగా వ్రాసి, దానికొక వరుససంఖ్య వేసి, అందరికిని చేరవేసెడిది. వరుససంఖ్యకు ఆరు బిట్లు మాత్రమే గనుక 0 మొదలు 63 వరకు పోయి మరల 0కి వచ్చును. వృత్తముపై తిరుగు సంఖ్యలలో ఏది ముందు, ఏది వెనుక యని తేల్చుటకు, సగము వృత్తములోపల ముందున్నదానిని క్రొత్తదిగా ఎంచెడివారు. ఆనాడు 50వ సంఖ్యగల ఇంపు పేర మూడు ప్రకటనలు ఒకేసారి తిరుగసాగినవి. వాటి సంఖ్యలు 8, 40, 44. యంత్రపు లోపమువలన బిట్లు జారిపోయి 44 అనునది 40గాను, 40 అనునది 8గాను మారినవి. ద్విసంఖ్యలో వ్రాసి చూచినచో ఒక్కొక్క బిట్టు జారుటయే స్పష్టమగును: 101100, 101000, 001000. ఇపుడు నియమము ప్రకారము 40 కంటె 44 క్రొత్తది. 8 కంటె 40 క్రొత్తది. 63 దాటి తిరిగి వచ్చినట్లు లెక్కించినచో 44 కంటె 8 క్రొత్తది. మూడింటిలో ప్రతి యొక్కటియు వేరొకదానికంటె క్రొత్తదే! ప్రతి ఇంపును వచ్చినదానిని క్రొత్తదిగా తలచి పొరుగువానికి పంపినది. పొరుగువాడు మరల పంపినాడు. దారి ప్రకటనలకు సామాన్యమైన ప్యాకెట్లకంటె ముందుపీట గనుక, అవియే యంత్రములన్నిటిని నింపివేసినవి.

ఇచట ఏ ఒక్క పొరుగుకును పరిచయము చెడలేదు. అందరును నియమమును తు.చ. తప్పక పాటించినారు. ఒక ఇంపును ఆపి మరల వెలిగించిన లాభములేదు; లేచిన వెంటనే పొరుగువాడు ఆ మూడు ప్రకటనలను తిరిగి దాని చేతిలో పెట్టును. చివరకు, 50వ ఇంపు పేర వచ్చిన ప్రకటనలను పట్టించుకొనవద్దని ఒక సవరణ వ్రాసి, దానిని నెట్‌వర్కులోని ఇంపులన్నిటికి ఎక్కించిన పిమ్మటనే వరద తగ్గినది.

ఓ.ఎస్.పి.ఎఫ్. వ్రాసినవారు ఈ కథను మరువలేదని దాని నియమములు చదివినచో తెలియును. రెండవ రూపములో వరుససంఖ్యకు 32 బిట్లు; అది వృత్తముపై తిరుగదు, నిచ్చెనవలె పైకే పోవును. ప్రతి ప్రకటనకును వయసు కలదు. అరగంటకొకసారి పుట్టినచోటనే క్రొత్తగా వ్రాయబడును, గంట నిండినచో చెల్లదు. ఆర్పానెట్టులో లైనుపై పోవునపుడు మాత్రము సరిచూచెడివారు గాని, యంత్రపు జ్ఞాపకములో కూర్చున్నప్పుడు బిట్టు జారినచో పట్టుకొనువారు లేకపోయిరి. ఇపుడు ప్రకటనకు దానితోనే సరిచూపు సంఖ్య ఉండును. జ్ఞాపకములోనున్న ప్రకటనలను కూడ అయిదు నిమిషములకొకసారి సరిచూచుకొనవలెనని నియమము. ఆ రోజు తగిలిన దెబ్బ ఎచటనో కచ్చితముగా అచటనే కట్టు కట్టినారు.

మా కేంద్రములో ఆ రాత్రి తరువాత జరిగినది ఇంతకంటె చాల చిన్న పని. క్రొత్త రౌటరు బిగించునపుడు పింగు చేయు అలవాటు పూర్వమునుండియు ఉన్నదే. ఇపుడు దానిని చిన్నదానితో కాక, నిండు మూటతో చేయుచున్నారు: 1472 బైట్ల సరుకు, దానికి 28 బైట్ల శీర్షికలు కలిపి 1500, నడుమ విడగొట్టరాదను గుర్తుతో. నడుమనెచటనైనను లైను ఇరుకైయున్నచో ఇది పోదు. అంకెలు వేరుగా వ్రాసియున్నచో మాత్రము ఇది కూడ చెప్పజాలదు గనుక, రెండు చివరలనున్న ఎం.టి.యు.ను ఇరువురు ఇంజనీర్లు టెలిఫోనులో ఒకరికొకరు చదివి వినిపించుకొని పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెనని ఏర్పాటు. ఫుల్ అను మాట కనబడువరకు పాత రౌటరును మేడ దింపరాదని కూడ వ్రాసియున్నది. ఆనాడు పాతది కాలిపోయినది గనుక ఆ నియమము పనికివచ్చియుండెడిది కాదు.

తీరమునుండి కార్డు వ్రాసిన శ్రోతకు మేము వేరుగా జవాబు వ్రాసినాము. ఆ రాత్రి వలలు ఒడ్డునకు చేర్చితిమని వారు తిరుగుటపాలో తెలిపినారు. అత్యవసర స్టూడియో గోడలకు మెత్తలు వేయించుటకు కావలసిన కాగితములు పైకి పంపబడినవి.